మంచు ఫోటోలో ఒక నల్లటి వస్తువు

ఫోటోలు కడిగే దుకాణంలో కవరు అందుకుని కౌంటరు దగ్గరే విప్పి చూశాను. ముప్పై ఆరు ఫోటోల్లో ఇరవై తొమ్మిదింటికి మూలన చిన్న పసుపు చీటీ అంటించి ఉంది. ఫోటో సరిగా రాలేదనీ, అందుకు డబ్బు తీసుకోవడం లేదనీ దాని మీద అచ్చువేసి ఉంది. కౌంటరులోని అమ్మాయి జాలిగా చూసింది.

"ఫిల్ముకి ఏదో అయినట్టుంది, అంతా తెల్లగా పోయింది."

"పొగమంచుని తీశాను," అన్నాను.

"కావాలనా?"

కావాలనే. పోయిన అక్టోబరు ఆఖర్లో, అందుకోసమే నాలుగు రోజులు ఇల్లు వదిలి, ఏడాదిన్నర పిల్లని వెంటేసుకుని డెర్బీషైర్ కొండల్లోకి వెళ్ళాం. వెళ్ళని వాళ్ళకోసం ఆ ప్రయాణం గురించి రాస్తున్నాను. పగలు కుదరదు. పాప హారిక పడుకున్నాక, తన ఊపిరి వినబడేంత దగ్గరలో కూర్చుని రాస్తున్నాను.

మేం ఇంగ్లండులో, కేంబ్రిడ్జ్‌లో ఉంటాం. మా ఆయన సుధాకర్‌కి సైన్స్ పార్కులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను ప్రొద్దుటూరులో బీయస్సీ చదివాను. పుట్టిల్లు ఎర్రగుంట్ల. మా నాన్న సిమెంటు ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మా ఊళ్ళో దూరం మసకగా కనబడితే అది దుమ్మే. మంచుని మొదటిసారి ఇక్కడే, మా ఫ్లాట్ వెనక నది మీద చూశాను. చూడగానే ఆశా పుట్టింది, భయమూ పుట్టింది.

నేను పిరికిదాన్ని, దాచుకోను. హారిక పుట్టాక మరీ. ద్రాక్షపండుని నాలుగు ముక్కలు చేసి పెడతాను. బస్సులో ఎవరైనా దగ్గితే సీటు మారతాను. అలాంటిదాన్ని మంగళవారం సాయంత్రాలు ఫోటోగ్రఫీ క్లాసుకి పంపింది సుధాకరే. "వారానికి రెండు గంటలు నువ్వు భయపడకుండా ఉంటావు, నాకూ తీరిక," అన్నాడు. ఆఫీసులో అందరూ డిజిటల్ కెమెరాలు కొనుక్కుంటుంటే, ఎవరో వదిలించుకున్న ఫిల్ము కెమెరాని చవగ్గా తెచ్చిచ్చాడు.

క్లాసు చెప్పే డెరెక్ రిటైరైన లెక్కల మాస్టారు. మంచు గురించి ఆయన రెండే మాటలు చెప్పాడు. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు లోకమంతా బూడిదరంగే అనుకుంటుంది, తెల్లటిదాన్ని చూస్తే బెదిరి వెలుగు తగ్గించేస్తుంది, దాని మాట వినకుండా ఒక మెట్టున్నర వెలుగు ఎక్కువివ్వాలి. ఇది ఒకటి. "రెండోది, ఫోటోలో ఒక నల్లటి వస్తువు ఉండాలి. చెట్టో, గేటో, కాకో. అది లేకపోతే మంచు కూడా కనబడదు."

ప్రయాణం సంగతి మా అమ్మకి ఫోన్లో చెప్పాను. ఫోన్ కార్డులో ఉన్న నిమిషాలన్నీ ఒకే మాట మీద అయిపోయాయి.

"బిడ్డను మంచులో తిప్పాకు లలితా. మాడు మీద మంచు పడితే గొంతు పట్టేస్తాది. నేను పంపిన టోపీ తియ్యాకు. నిద్రలో కూడా తియ్యాకు. మాటియ్యి."

మాటిచ్చాను. ఆ టోపీ తెల్ల ఉన్నిది. కళ్ళూ ముక్కూ తప్ప ఏమీ కనబడనివ్వని మంకీ టోపీ. ఉన్ని అమ్మే కొట్టే లేని ఊళ్ళో ఉంటూ అమ్మ దాన్ని ఎక్కడ సంపాదించిందో.

శుక్రవారం, రోడ్డు మీద

పీటర్‌బరో దాటాక మంచు దిగింది. ముందు కారు వెనక దీపాలు రెండు ఎర్ర చుక్కలయ్యాయి, తర్వాత ఒకటయ్యింది, తర్వాత అదీ లేదు. సుధాకర్‌కి ఇక్కడి లైసెన్సు ఆగస్టులోనే వచ్చింది, అదీ మూడోసారికి. స్టీరింగు మీదికి వంగి కూర్చున్నాడు. రోడ్డు మధ్యలో పాతిన అద్దపు బిళ్ళలు మా లైట్ల వెలుగుకి ఒక్కొక్కటే మెరిసి దారి చూపిస్తున్నాయి. పిల్లి కళ్ళంటారు వాటిని. నేను వాటిని లెక్కపెడుతూ కూర్చున్నాను. వెనక సీట్లో హారిక హాయిగా నిద్రపోతోంది.

"ఎనక్కి పోదామా?" అన్నాడు.

పోదామనే అనాలనిపించింది. కానీ పెళ్ళయ్యాక నాకోసం నేను అడిగింది ఇదొక్కటే. "మెల్లగా పోనియ్యండి," అన్నాను.

"ఇంతకన్నా మెల్లగా పోవాలంటే దిగి తోయాల."

నవ్వొచ్చింది, కానీ పిల్లి కళ్ళు లెక్కపెట్టడం ఆపలేదు.

బేక్‌వెల్‌లో టీ

బేక్‌వెల్ అనే చిన్న ఊళ్ళో ఆగాం. బాదం గుజ్జుతో చేసే పుడ్డింగుకి ఆ ఊరు ప్రసిద్ధి. కప్పు టీ పౌను ఇరవై పెన్నీలు, పుడ్డింగు ముక్క రెండు పౌన్లు. తియ్యగా, జిడ్డుగా, మధ్యలో పుల్లటి జాముతో బాగుంది. సుధాకర్ సగం తిని, సంచిలోంచి పులిహోర డబ్బా తీసి బల్ల కింద పెట్టుకుని తిన్నాడు.

లోపల హీటరు మండిపోతోంది. బయట నది మీద బాతులు మంచులోంచి వచ్చి మంచులోకి పోతున్నాయి. కిటికీలోంచి తీద్దామని కెమెరా బయటికి తీశాను. చూస్తుండగానే లెన్సు పాలు పోసినట్టయింది. తుడిస్తే మళ్ళీ. చలిలోంచి ఉక్కలోకి వచ్చేసరికి అద్దానికి ఆవిరి పట్టింది. అరగంట అది గుడ్డిదై కూర్చుంది.

పక్క బల్ల దగ్గర కుక్కతో కూర్చున్న పెద్దావిడ ఇదంతా చూస్తోంది. కెమెరా సంగతి ఎత్తకుండా, "మీ పాపకి చెమట పడుతోంది," అంది.

హారిక ఒంటి మీద రెండు స్వెట్టర్లు, పైన కోటు, టోపీ. బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి. "తను బాగానే ఉంది, థాంక్యూ," అని నవ్వి, తెలుగులో, "మా పిల్ల సంగతి మాకు తెలీదా?" అన్నాను. సుధాకర్ పులిహోర మీదనుంచి కళ్ళెత్తలేదు.

జీన్ ఇల్లు

మేం దిగింది కాసిల్టన్ ఊరికి మైలు దూరంలో, గొర్రెలు పెంచుకునే వాళ్ళ రాతి ఇల్లు. పై గదులు అద్దెకిస్తారు, పొద్దున్నే తిండి కూడా పెడతారు. మనిషికి ఇరవై రెండు పౌన్లు, పిల్లకి లేదు. ఇంటావిడ జీన్‌కి అరవై దాటి ఉంటాయి. నలుగురు పిల్లల్ని పెంచి పంపేసింది. అక్కడ ఆడా మగా తేడా లేకుండా అందర్నీ డక్ అని పిలుస్తారు, మనవైపు తల్లీ, నాయనా అన్నట్టు.

"రా డక్, లోపలికి రా. ఈ మూటలో ఎవరున్నారు?"

మూటలోంచి హారిక "బా బా" అంది. గొర్రెల్ని చూసింది.

గదిలోకి పోగానే కిటికీ సందుల్లో తువ్వాళ్ళు కుక్కి, హీటరు చివరిదాకా తిప్పాను. అలవాటు.

శనివారం, మామ్ టోర్ మీద

చలి తెల్లవారుజాముల్లో లోయలో మంచు పేరుకుంటుందనీ, కొండెక్కితే దాని పైకి తేలతామనీ డెరెక్ చెప్పాడు. ఇంకా వెలుగు రాకముందే మామ్ టోర్ కొండ కింద కారు ఆపాం. సుధాకర్, హారిక కార్లోనే ఉన్నారు. రాళ్ళు పరిచిన మెట్లున్నాయి, పది నిమిషాల దారి, నేనొక్కదాన్నే ఎక్కాలి.

ఇరవై మెట్లెక్కి వెనక్కి చూస్తే కారు లేదు. చెయ్యి చాపితే వేళ్ళ చివరలు పాలిపోయి కనిపించాయి. నా ఊపిరి నా చెవి పక్కనే ఇంకెవరిదో అన్నట్టు వినబడుతోంది. ఎక్కడో ఒక మగమనిషి దగ్గాడు. అడుగు ఆపేశాను. తీరా చూస్తే గొర్రె. గొర్రెలు అచ్చం మనుషుల్లాగే దగ్గుతాయని అప్పుడే తెలిసింది. దిగిపోదామని రెండుసార్లు వెనక్కి తిరిగాను. కిందికి చూసినా పైకి చూసినా ఒకటే తెలుపు కాబట్టి ఎక్కడమే నయమనిపించింది.

ఉన్నట్టుండి తల బయటికొచ్చింది. నీళ్ళలోంచి లేచినట్టే. పైన లేత నీలి ఆకాశం, కింద లోయ నిండా తెల్లటి మంచు, కొండలు అందులో దీవులు. అది కదులుతోంది. కనుమల దగ్గర పొంగి, పక్క లోయలోకి చాలా నెమ్మదిగా ఒలుకుతోంది. ఆ తెలుపులోంచి నిటారుగా ఒక్కటే పైకి లేచి ఉంది. సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం.

అక్కడే నిలబడిపోయాను. నా చిన్నప్పుడు వాకిట్లోంచి ఏ దిక్కు చూసినా కనబడింది అదే. నాన్న సైకిలు ఆ గొట్టం వైపు నుంచే వచ్చేది. అందమైన దృశ్యం కోసం అయిదువేల మైళ్ళు దాటొచ్చి, మా ఊరి సిమెంటు గొట్టాన్నే చూస్తున్నాను, కాకపోతే ఇది మబ్బు కట్టుకుని ఉంది.

నాకంటే ముందే వచ్చిన ఒకాయన మూడు కాళ్ళ స్టాండు పక్కన టీ తాగుతున్నాడు. "ఆ దరిద్రపు గొట్టం లేకపోతే ఎంత బాగుండునో కదా," అన్నాడు.

"నాకు అదే కావాలి," అన్నాను. ఆయన నన్ను చూసి, లెన్సుకి అడ్డం రాకుండా పక్కకి జరిగాడు.

మీటరు మాట వినకుండా మెట్టున్నర ఎక్కువిచ్చి తీశాను. మంచులో తీయడంలో ఉన్న సుఖం అక్కడే అర్థమైంది. మామూలు రోజున కెమెరా పెడితే వైర్లు, బోర్డులు, కార్లు అన్నీ తోసుకొస్తాయి. మంచు అన్నిటినీ వెనక్కి పంపి ఒకటో రెండో మాత్రం ముందు పెడుతుంది. దగ్గరి గోడ నల్లగా, దాని వెనకది బూడిదగా, దాని వెనకది ఉందా లేదా అన్నట్టుగా. రెప్ప వేసి తెరిచేలోగా అమరిక మారిపోతుంది. ఉన్నదాన్ని ఉన్నప్పుడే తీసుకోవాలి.

మళ్ళీ మంచులోకి దిగాలి. కింద సుధాకర్ నిమిషానికోసారి హారన్ కొడుతున్నాడు. ఆ చప్పుడు పట్టుకుని దిగాను.

జీన్ ఆ పొద్దున ఓట్ పిండితో అట్లు పోసింది. ఆ వైపు వంట. అచ్చం మన దోసెలే, కాస్త మందం. సుధాకర్ ఉండలేక మా ఎర్రకారం సీసా తెచ్చి పూసుకున్నాడు. జీన్ ఒక ముక్క అడిగి తింది, మొహమంతా ఎర్రబడింది, నీళ్ళు తాగింది, ఇంకో ముక్క అడిగింది.

సాయంత్రానికి హారిక ముక్కు కారింది. గొంతు కొంచెం బొంగురు పోయింది. ఊళ్ళో ఫోన్ బూత్ నుంచి అమ్మకి చేశాను.

"బిడ్డ గొంతు అట్లుండాదేంది? మంచులో తిప్పినావా?"

"లేదమ్మా."

అబద్ధం కాదు. కొండ దగ్గర తను కారు దిగనే లేదు. అయినా ఆ రాత్రి టోపీ మీద శాలువ కూడా చుట్టాను.

ఆదివారం పొద్దున

తెల్లవారకముందే సుధాకర్ నన్ను లేపాడు, కొండకి టైమైందని. అప్పుడే హారిక దగ్గింది. అది దగ్గులా లేదు. కుక్కపిల్ల మొరిగినట్టుంది. తర్వాత ఊపిరి లోపలికి తీసుకుంటే గీరుకుపోతున్న చప్పుడు. ఏడవబోయింది, ఏడుపు రాలేదు.

నేను మా ఇళ్ళల్లో ఏం చేస్తారో అదంతా చేశాను. కిటికీ సందులు ఇంకా బిగించాను. హీటరు పెంచాను. కెటిల్‌లో నీళ్ళు మరిగించి ఆవిరి పట్టబోయాను. ఛాతీకి బామ్ రాసి ఇంకో దుప్పటి చుట్టాను. గది గుహలా ఉడికిపోయింది. ఒక్కో ఊపిరికీ గొంతు కింద గుంట లోపలికి లాక్కుపోతోంది. హారిక నా మొహంలోకే చూస్తోంది. నాకేదో తెలుసన్నట్టు.

తలుపు తట్టి జీన్ లోపలికొచ్చింది. గొర్రెలకని లేచి ఉందట, కిందకి వినబడిందట. తలుపు దగ్గరే నిలబడి ఒక్క దగ్గు విని, "క్రూప్," అంది. "మా నలుగురికీ వచ్చింది. గొంతులో వాపు. నేను ఫోన్ చేస్తాను."

మా మొబైల్‌కి ఆ లోయలో సిగ్నల్ లేదు. జీన్ వంటింట్లోంచి అంబులెన్సుకి చేసింది. నేను పిల్లని ఎత్తుకుని మెట్ల మీదే నిలబడి విన్నాను. అవతలి వాళ్ళు చెప్పేది జీన్ నాకు వినబడేలా పైకి అంది. అంబులెన్సు బయల్దేరింది, కానీ ఈ మంచులో నలభై నిమిషాలు పట్టొచ్చు అన్నారు. పిల్లని నిటారుగా పట్టుకోండి, ఏడవనివ్వకండి అన్నారు.

నలభై నిమిషాలు. మధ్యలో ఆగిపోతే?

జీన్ ఫోను పెట్టేసి వెనక తలుపు తీసింది. తెల్లగా మంచు గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉంది. "బయటికి తీసుకురా డక్. చల్లగాలి తగిలితే వాపు తగ్గుతుంది. ఆ టోపీ తీసెయ్, ఉడికిపోతోంది."

"వద్దు," అన్నాను. తర్వాత తెలుగులో అరిచాను. "మంచులోకా? బిడ్డను చంపుతారా?"

ఆవిడకి భాష తెలీదు, కానీ అర్థమైంది. తలుపు దగ్గర నుంచి కదల్లేదు, మూయనూ లేదు. "నేను నలుగుర్ని నిలబెట్టుకున్నాను," అంది నెమ్మదిగా. "ఒకడిని ఇదే గుమ్మంలో."

సుధాకర్ మొహం చూశాను. ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించే మనిషి. పెదవులు తెల్లబడి ఉన్నాయి. "నాకేం తెలీదు లలితా," అన్నాడు. "ఏదైనా చెయ్యి. లోపల మాత్రం తగ్గడంలా."

ఆ మాట నిజం. లోపల తగ్గడం లేదు. అమ్మకిచ్చిన మాట ఒక పక్క, ఆ గొంతు గుంట ఒక పక్క. ఇంకో ఊపిరి లోపలికి పోలేక ఆగింది, ఆగి, గీరుకుంటూ పోయింది. నేను గడప దాటాను.

చలి మొహానికి తడిగుడ్డలా తగిలింది. గోడ పక్కకెళ్ళి నిలబడ్డాను. నా వేళ్ళతోనే టోపీ ముడి విప్పి లాగేశాను. చెమటకి తడిసిన జుట్టు నుదుటికి అతుక్కుని ఉంది. వెంటనే దాని మీద మంచు సన్నటి ముత్యాలుగా వచ్చి వాలింది. మాడు మీద. అమ్మ భయపడింది సరిగ్గా ఇదే, నేనే చేస్తున్నాను. హారికని భుజాన వేసుకుని, "ఏం లేదమ్మా, ఏం లేదు," అంటూ గోడ వెంట అటూ ఇటూ నడిచాను. ఆరడుగులు అటు, ఆరడుగులు ఇటు. అంతకు మించి కనబడదు. జీన్ ఒక చేత్తో నా వీపు నిమురుతూ వెంటే నడిచింది.

ఎంతసేపో తెలీదు. చప్పుడు విన్నాను. గీరుకోవడం ప్రతి ఊపిరికీ ఉంది. తర్వాత ఒకటి విడిచి ఒకటి. తర్వాత ఏడ్చినప్పుడే. గొంతు గుంట లాక్కుపోవడం తగ్గింది. ఎదురుగా గోడ, గేటు స్తంభం, ఒక ముళ్ళచెట్టు ఒకదాని వెనక ఒకటి మంచులోకి పలచబడుతూ ఉన్నాయి. ఏ కెమెరాతోనూ అంత నిశితంగా చూసి ఉండను. కళ్ళు తిప్పితే ఊపిరి ఆగిపోతుందేమోనని వాటినే చూస్తూ నిలబడ్డాను.

గోడ అవతల గొర్రె దగ్గింది. హారిక తల ఎత్తి, బొంగురు గొంతుతో, "బా," అంది.

సుధాకర్ గుమ్మంలో కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు.

ముందు పొగమంచు మొత్తం నీలం దీపానికి వెలిగి ఆరింది. చాలాసేపటికి అంబులెన్సు దాని వెనక వచ్చింది. అందులో వచ్చినాయన పిల్ల ఛాతీ విని, "ఎంతసేపు బయట ఉన్నారు? మంచి పని చేశారు," అన్నాడు. ఆసుపత్రిలో ఒక చెంచాడు మందు పోసి సాయంత్రం దాకా ఉంచుకున్నారు. ఒక్క పైసా అడగలేదు. హారిక టోస్టు తిని, నర్సు గడియారం పట్టుకుని లాగింది. 

సోమవారం, అదే గోడ

బయల్దేరే ముందు చూస్తే ఫిల్ములో ఒకటి మిగిలింది. మంచు ఇంకా తెరిపివ్వలేదు. జీన్ హారికని ఎత్తుకుని గోడ పక్కన గొర్రెల్ని చూపిస్తోంది. ఆవిడ తెల్ల జుట్టు, బూడిదరంగు కోటు మంచులో సగం కలిసిపోయాయి. టోపీ నా జేబులో ఉంది. చెయ్యి దాని మీదికి పోయింది. పెట్టేద్దామా, ఫోటో అయ్యాక తీద్దామా, ఫోటోకి ముందు తీద్దామా అని తడబడ్డాను. చివరికి చెయ్యి బయటికి తీసుకుని, మెట్టున్నర ఎక్కువిచ్చి, నొక్కాను.

జీన్ మాకు గదికి మూడో రాత్రి డబ్బు తీసుకోలేదు, రాత్రంతా పిల్ల దగ్గర మేలుకునే ఉన్నారు కదా అని. ఎర్రకారం సీసా అడిగి ఉంచుకుంది.

ఎర్రగుంట్ల నుంచి

రెండు ఫోటోలు ఇంటికి పోస్టు చేశాను. పసుపు చీటీలు గోరుతో గీకి తీశాను. పొగగొట్టం ఒకటి, గోడ దగ్గరిది ఒకటి. నిన్న నేను చేస్తే అమ్మ ఫోను ముందు నాన్నకి ఇచ్చింది.

"అది ఎన్ని అడుగులుంటాది?" అన్నాడు నాన్న.

"తెలీదు నాయనా."

"మనదానికన్నా పొట్టే." సంతోషంగా ఫోను అమ్మకిచ్చేశాడు.

అమ్మ కాగితం తిప్పుతున్న చప్పుడు వినబడింది.

"ఈ తెల్లదంతా ఏంది?"

"మంచు."

"బిడ్డ తలకాయ నల్లగా, ఎంత బాగా కనబడతాండాది," అంది. తర్వాత గొంతు మారింది. "టోపీ యాడ?"

అప్పటిదాకా అమ్మకి ఆసుపత్రి సంగతి చెప్పలేదు. చెప్పాను. దగ్గు, తలుపు, గోడ, అంతా. "నేనే తీసినానమ్మా. ఈ చేతుల్తోనే." కార్డులో నిమిషాలు అయిపోతున్నాయని బీప్ వినబడింది. అమ్మ ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను.

"ఇప్పుడు ఊపిరి ఎట్లుండాది?"

"బాగుండాది."

"పక్కనే పండుకోబెట్టుకుని ఇను," అంది. ఫోను కట్టయింది.

వింటూనే ఉన్నాను. కేంబ్రిడ్జ్‌లో ఈ రాత్రి నది మీంచి మంచు లేచింది, వీధి దీపం చుట్టూ తెల్లగా తిరుగుతోంది. నాకు భయం తగ్గలేదు, తగ్గుతుందనీ అనుకోను. కానీ కిటికీ సందులో తువ్వాలు లేదు. లేచి వెళ్ళి, వేలు పట్టేంత తెరిచి వచ్చి, మళ్ళీ కూర్చున్నాను.